స్తంభం ముందా, బాల్కనీ ముందా: బౌద్ధనగర్ ఇళ్లు, విద్యుత్ చట్టం

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి దాపునున్న బౌద్ధనగర్ వంటి ఇరుకు బస్తీల్లో స్తంభానికి రోడ్డు మీద చోటు చాలకపోతే, స్టే వైరో ఇనుప బ్రాకెట్టో ఎవరిదో ఒకరి ప్రహరీలోకి దిగుతుంది. ఇంటివారిని అడగాలా, అక్కర్లేదా? 2003 విద్యుత్ చట్టంలో దీనికి రెండు జవాబులున్నాయి.

మొదటిది సెక్షన్ 67. దాని కింద 2006లో వచ్చిన లైసెన్సీల పనుల నియమాల ప్రకారం, అంతకుముందు చట్టబద్ధంగా లైను లేనిచోట కొత్తగా వేయాలంటే యజమాని లేదా అక్కడ ఉంటున్నవారి ముందస్తు సమ్మతి కావాలి. వారు అభ్యంతరం చెబితే జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన వేరొక అధికారి నుంచి లిఖితపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. పరిహారమో, ఏటేటా అద్దెనో, రెండూనో నిర్ణయించేది కూడా ఆ అధికారే. ఆ ఉత్తర్వును విద్యుత్ నియంత్రణ మండలి తిరిగి పరిశీలించవచ్చు.

రెండోది సెక్షన్ 164. ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే లైసెన్సీకి, అంటే విద్యుత్ కంపెనీకి, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టపు అధికారాలు దక్కుతాయి. అప్పుడు సమ్మతి ప్రసక్తే లేదని పవర్‌గ్రిడ్, సెంచురీ టెక్స్‌టైల్స్ కేసులో సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో తేల్చింది. భూమి మాత్రం యజమానిదే. కంపెనీకి వచ్చేది వాడుక హక్కు. నష్టం వీలైనంత తగ్గించాలి, జరిగినదానికి పూర్తి పరిహారం ఇవ్వాలి, తగువొస్తే జిల్లా జడ్జి తేలుస్తారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం పాత టెలిగ్రాఫ్ చట్టాన్ని రద్దు చేసినా, విద్యుత్ లైన్ల కోసం ఈ భాగాన్ని బతికించింది. వలస పాలన నాటి అధికారాలు అంత తేలిగ్గా పోవు మరి.

అందుకే ఇంటి యజమాని మొదట అడగాల్సింది, "ఏ సెక్షన్ కింద వచ్చారు?" అని. 164 ఉత్తర్వు లేకపోతే అతని సమ్మతికి విలువుంది, కానీ దానికి ధర కట్టే పట్టిక లేదు. హైటెన్షన్ టవరు కింది రైతుది సరిగ్గా తలకిందుల స్థితి. టవరు అడుగు స్థలానికి భూమి విలువకు రెండింతలు, తీగల కింది మేరకు 30 శాతం ఇవ్వాలని 2024 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలిచ్చింది. అవి 66 కిలోవోల్టులు, ఆపై లైన్లకే. రైతుకు రేటుంది, కాదనే హక్కు లేదు. బౌద్ధనగర్ ఇంటికి కాదనే హక్కుంది, రేటు లేదు.

ఆ హక్కుకూ ఒక కన్నం ఉంది. నియమం "యజమాని లేదా ఉంటున్నవారు" అంటుంది. విద్యార్థులు, ఉద్యోగులు అద్దెకుండే ఈ ప్రాంతంలో, వేరేచోట ఉండే యజమానికి తెలియకుండానే కిరాయిదారు "సరే" అనేయవచ్చు. అయితే పని పూర్తయ్యాక కూడా తగిన కారణం చూపితే లైనునో ఆధారాన్నో తీయించమనో మార్చమనో మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఈ వెసులుబాటు యజమానికే కాదు, అక్కడ ఉంటున్న కిరాయిదారుకూ ఉంది.

అసలు తగువు చాలాసార్లు బాల్కనీ దగ్గరే. 11 కిలోవోల్టుల లైను మిద్దెకు పైన 3.7 మీటర్లు, పక్కన 1.2 మీటర్లు ఎడంగా ఉండాలి. లైను పడ్డాక అంతస్తు లేపదలచినవారు ముందే సంస్థకు తెలపాలి. లైను సక్రమంగానే వేసి ఉంటే జరిపే ఖర్చు వారి నెత్తినే పడవచ్చు. కాబట్టి స్తంభం ముందా, బాల్కనీ ముందా అన్నది తేల్చేందుకు ఇంటి ప్లాను మంజూరు తేదీ సేల్ డీడంత ముఖ్యమైన సాక్ష్యం.

ఇంటర్నెట్ కేబుళ్ల దారి వేరు. ప్రైవేటు స్థలంలో యజమానితో ఒప్పందం చేసుకోవాలని 2023 చట్టం చెబుతుంది. అతను కాదంటే ప్రజాప్రయోజనం పేరిట ప్రభుత్వం జోక్యం చేసుకోవచ్చు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయాక, స్తంభాల మీది కేబుళ్ల తొలగింపు హైకోర్టుకెక్కింది. అక్కడ వాదన స్తంభానికి కట్టిన కేబుళ్ల అనుమతి చుట్టూ నడిచింది; స్తంభం నుంచి ఇంటి మిద్దె మీదుగా సాగే కేబులుకు ఆ ఇంటివారితో ఒప్పందం ఉందా అన్నది వేరే ప్రశ్న.