మేడియు బొమ్మమేడియు

మఱ్ఱి, రావి, మేడి, బొమ్మమేడి – ఈ నాలుగును ఫైకస్ అను ఒకే ప్రజాతికి చెందిన వృక్షములు. ఈ ప్రజాతిలో 800కు పైగా జాతులు గలవు. వీనిలో దేని కొమ్మను గిల్లినను పాలు కారును. చివురును కప్పియుండు తొడుగు రాలినచోట కణుపుచుట్టు ఉంగరమువంటి మచ్చ మిగులును. ఇక భేదములు చూడుడు. మఱ్ఱికి ఊడలు దిగును. రావియాకు కొన తోకవలె సాగియుండును. మేడికాయలు మానుమీదనే గుత్తులుగా కాయును. బొమ్మమేడియు తరచు మానుమీదనే కాయును గాని, దాని ఆకులు గరుకుగా, ఎదురెదురుగా నుండును. అయినను మన పల్లెవారు రెంటిని ‘మేడి’ అనియే పిలిచిరి. ఆ చుట్టరికము నిజమా అను విషయము తేల్చుటకు వృక్షశాస్త్రమునకు చాలకాలము పట్టినది.

1678లో వెలువడిన ‘హోర్టస్ మలబారికస్’ మొదటి సంపుటములో మలబారు మేడిచెట్టు బొమ్మ యున్నది. లిన్నేయస్ భారతదేశము చూచినవాడు కాడు. 1753లో అతడు ఆ బొమ్మను ఆధారముగా గొని మేడికి ఫైకస్ రెసిమోసా అని పేరు పెట్టెను. 1781 మొదలు సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ చెట్టునే చూచి, ఫైకస్ గ్లోమెరేటా అని వేఱొక పేరు పెట్టెను. బొమ్మమేడికి ఆకుల అమరికను బట్టి ఆపోజిటిఫోలియా అనెను. కాని లిన్నేయస్ కుమారుడు అంతకు ముందే ఆ చెట్టు గరుకుదనమును బట్టి హిస్పిడా అని యుండెను. శాస్త్రనియమము ప్రకారము ముందు ప్రకటింపబడిన పేరే చెల్లును గనుక రాక్స్‌బర్గ్ పేర్లు రెండును నిలువలేదు. చెట్టును కన్నులార చూచినవాని పేరు పోయి, బొమ్మను చూచినవాని పేరు నిలుచుట వింతయే!

ఆకులు, కాయల తీరు మాత్రమే చూచిన చాలదని క్రమముగా తేలినది. మేడిపండనునది నిజమునకు పూలను లోపల దాచుకొన్న సంచి. వేమన ఎగతాళి చేసిన ‘పురుగులు’ ఆ పూలకు పుప్పొడి మోయు కందిరీగజాతి కీటకములే. కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతిగా నుండిన జార్జి కింగ్ 1887–88లో ప్రకటించిన గ్రంథములో ఫైకస్ జాతులను ముఖ్యముగా ఈ లోపలిపూలను బట్టియే విభజించెను.

అప్పుడు మన రెండు మేడులకు ఎడబాటు తప్పలేదు. మేడికాయను కోసినచో మగపూలు, ఆడపూలు ఒకేచోట కనబడును. బొమ్మమేడిలో అట్లు కాదు: ఒక చెట్టు కాయలలో మగపూలును, కీటకములు పెరుగు పూలును ఉండగా, విత్తనములు పట్టునది మరియొక చెట్టు. ఈ భేదమును బట్టి 1965లో కార్నర్ వాటిని రెండు వేర్వేరు ఉపప్రజాతులలో చేర్చెను.

కాని 2000 తరువాత డి.ఎన్.ఏ. పరీక్షలు రెంటిదియు ఒకే శాఖ యని చూపినవి. నేడవి సైకొమోరస్ అను ఒకే ఉపప్రజాతిలో నున్నవి. పల్లెవారి పేరు తప్పు కాలేదు.

ఉపాధ్యాయులు ఈ భేదమును తరగతిలో చూపదలచినచో మేడికి ఒక చెట్టు కాయలు చాలును. బొమ్మమేడికి మాత్రము రెండు చెట్లైనను వెదకవలెను. విత్తనముల చెట్టు బడి వెనుక నున్నచో, కీటకముల చెట్టు చెఱువుగట్టున నుండవచ్చును.