బాయిలరు చెప్పిన నీళ్ల సంగతి

1915లో యలహంక నుంచి చిక్కబళ్లాపురానికి చిన్న రైలు వచ్చింది. ఆ చిన్న పట్టాలే చింతామణి మీదుగా కోలారు దాకా ఉండేవి. బాగేపల్లికి మాత్రం రైలు రానేలేదు, అది వేరే కథ. రైల్వేలో పనిచేసిన మాకు తెలిసిందేమంటే, ఆవిరి ఇంజనుకు బొగ్గెంత ముఖ్యమో నీళ్ల మంచిచెడ్డా అంతే ముఖ్యం. నీళ్లు ఆవిరై పోతాయి, అందులో కరిగిన ఉప్పులు బాయిలరులోనే నిలిచిపోతాయి. అవి చిక్కబడి నురుగు కడతాయి, గొట్టాల మీద రాయిలా పేరుకుంటాయి. అందుకే బాయిలరును ఖాళీ చేసి కడగడం తప్పనిసరి.

కరిగినదేదైనా నీళ్ల మరుగును పెంచుతుంది, గడ్డకట్టే చలిని ఇంకా కిందికి దించుతుంది. లండన్‌లో బ్లాగ్డెన్ 1788లోనే చెప్పాడు, ఉప్పు ఎంత కలిపితే గడ్డకట్టే డిగ్రీ అంత దిగుతుందని. తర్వాత 1880లలో ఫ్రాన్సులో రౌల్, ఆయన వెనకే హాలండు వాడు వాంట్ హాఫ్ అసలు గుట్టు విప్పారు: కరిగినది ఏమిటన్నది కాదు, ఎన్ని రేణువులన్నదే లెక్క. లీటరు నీళ్లలో 58 గ్రాముల ఉప్పు వేస్తే మరుగు 1 డిగ్రీ పెరుగుతుంది, గడ్డకట్టేది 3 డిగ్రీలకు పైగా దిగుతుంది. మన ఊళ్లు 3000 అడుగుల ఎత్తులో ఉన్నందుకు ఉత్త నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. అదే బెల్లం పాకం 110 దాటితే గానీ అచ్చుకు రాదు. మన పెద్దవాళ్లు థర్మామీటరు లేకుండానే, చన్నీళ్లలో చుక్క వేసి, ఉండ కట్టిందా అని చూసి దించేవాళ్లు.

ఇదంతా ఎందుకంటే, "బోరు నీళ్లు బాగా కాచి తాగుతున్నాం, భయం లేదు" అని మనలో చాలామంది అంటున్నారు. కాస్తే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడు చావదు, బాయిలరులో ఉప్పులాగే గిన్నెలోనే ఉంటుంది. సగం నీళ్లు ఇగిరితే రెండింతలు చిక్కనవుతుంది. నెల్లూరు జిల్లాలో జనం ఎముకలు బిగుసుకుపోవడానికి నీళ్లలోని ఫ్లోరైడే కారణమని షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ 1937లోనే రాశారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంత కొంచెం ఫ్లోరైడు మరుగును డిగ్రీలో పదివేలో వంతు కూడా మార్చదు, కాబట్టి పొయ్యి మీద తెలిసే దారే లేదు. టీడీఎస్ మీటరూ చెప్పదు, అది మొత్తం ఉప్పుల లెక్కే చూపిస్తుంది.

ల్యాబు పరీక్ష ఒక్కటే దారి. వచ్చే సమావేశానికి ఎవరి బోరు నీళ్లు వాళ్లు తెండి, పేరు రాసి అన్నీ ఒకేసారి పంపుదాం. ప్లాస్టిక్ సీసాలోనే తెండి, ఫ్లోరైడు పరీక్షకు గాజు సీసా పనికిరాదు.