నోట్‌బుక్కులు, గ్రూపులు: నోట్స్ యాప్‌లో రాతల అమరిక

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో రాసుకున్న నోట్సును నోట్‌బుక్కుల్లో వేసి, ఆ నోట్‌బుక్కులను గ్రూపులుగా కట్టుకునే ఏర్పాటు చాలా నోట్స్ యాప్‌లలో ఉంటుంది. యాప్‌ను బట్టి పేర్లు మారతాయి. దీని పక్కనే లేబుల్ లేదా ట్యాగ్ అనే మరో పద్ధతి నడుస్తుంది. నోట్ ఒక సమయంలో ఒక్క నోట్‌బుక్కులోనే ఉంటుంది. లేబుళ్లు మాత్రం దానికి ఒకటికి మించి తగిలించవచ్చు. ఏది నోట్‌బుక్కు కావాలి, ఏది లేబుల్ కావాలి అన్న దగ్గరే చాలామంది తడబడతారు. రాయలసీమలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం గురించి నోట్స్ రాసుకునేవారికి ఈ తడబాటు ఇంకాస్త ఎక్కువ.

2008లో వచ్చిన ఎవర్‌నోట్‌లో నోట్‌బుక్కులను స్టాక్ అనే కట్టగా కట్టవచ్చు, కానీ స్టాక్‌లో మరో స్టాక్ పట్టదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2003తో పాటు వచ్చిన వన్‌నోట్‌లో నోట్‌బుక్కు, సెక్షన్ గ్రూపు, సెక్షన్, పేజీ అని మెట్లుంటాయి. సెక్షన్ గ్రూపు లోపల ఇంకో సెక్షన్ గ్రూపు కూడా పెట్టుకోవచ్చు. ఆ వెసులుబాటు చూసి మెట్ల కింద మెట్లు కట్టినవారు, ఆర్నెల్ల తర్వాత ఏ పేజీ ఎక్కడుందో తామే వెతుక్కుంటారు. చెన్నై సంస్థ జోహో 2016లో తెచ్చిన నోట్‌బుక్ యాప్‌లో అట్టలున్న పుస్తకాలుంటాయి, వాటిలోని కార్డులను కలిపితే గ్రూపు అవుతుంది. 2013 నాటి గూగుల్ కీప్ వీటన్నిటికీ ఎడంగా నిలబడింది. అందులో నోట్‌బుక్కులే లేవు, అన్నీ లేబుళ్లే. నోట్‌లో హ్యాష్ గుర్తు కొట్టి రెండక్షరాలు రాస్తే పాత లేబుళ్లు వరసగా కనబడతాయి.

జిల్లా పేరుతో పెట్టుకుంటే

స్థానిక చరిత్ర సేకరించేవారికి మొదట తట్టే అమరిక జిల్లాకో గ్రూపు, ఊరికో నోట్‌బుక్కు. మొదటి వారం ముచ్చటగానే ఉంటుంది. అయితే ఈ ప్రాంతంలో ఎల్లలు కుదురుగా ఉన్నది తక్కువ. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. 1910లో కడప జిల్లాలోని కదిరి వచ్చి ఇందులో చేరింది. 2022 ఏప్రిల్ 4న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. హిందూపురమే జిల్లా కేంద్రం కావాలని అక్కడివాళ్లు ఆందోళన కూడా చేశారు. 1905 నాటి అనంతపురం గెజిటీర్ నుంచి హిందూపురం గురించి ఎత్తి రాసుకున్న నోట్‌ను ఇప్పుడు ఏ జిల్లా గ్రూపులో వెయ్యాలి? రైల్వే సంగతి చూస్తే ఆ లెక్క వేరు. ధర్మవరం జంక్షన్ గుంతకల్లు డివిజన్‌ది, హిందూపురం స్టేషన్ బెంగళూరు డివిజన్‌ది.

మనుషుల విషయం ఇంకా చిక్కు. ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలో పుట్టి, బళ్లారిలో వకీలుగా ఉంటూ నాటకాలు రాసి ఆడించారు. ఆయన నోట్ ధర్మవరం పుస్తకంలోకి వెళ్తుందా, బళ్లారిలోకా, నాటకరంగంలోకా? ఎన్.టి. రామారావు 1985, 1989, 1994 ఎన్నికల్లో హిందూపురం నుంచి గెలిచారు. ఆయన ప్రభుత్వం 1984లో కరణం, మునసబు పదవులను రద్దు చేసినప్పుడు మాత్రం ఆయన హిందూపురం శాసనసభ్యుడు కాదు. రద్దు గురించిన నోట్‌ను హిందూపురం పుస్తకంలో వేస్తే, కొన్నాళ్లకు రాసినవాళ్లే తేదీలు కలిపేసుకునే ప్రమాదం ఉంది.

ఊరు, కాలం, మనిషి ఈ మూడూ లేబుళ్లకే తగినవి. పెనుకొండ, విజయనగర కాలం, కోటలు అని మూడు లేబుళ్లు తగిలిస్తే, 1565 తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు మారిన సంగతి రాసుకున్న నోట్ మూడు దారుల్లో దొరుకుతుంది. జిల్లా మళ్లీ మారినా ఊరి లేబుల్‌ను ముట్టుకోనక్కర్లేదు. లేబుళ్లకూ హద్దుండాలి మరి. కీప్‌లో లేబుళ్ల సంఖ్యకు పరిమితి ఉంది, అది ఒక రకంగా మేలే.

నోట్‌బుక్కు ఎక్కడ పనికొస్తుంది

ధర్మవరంలో మగ్గాలకు పడుగు, జరీ ఇచ్చి చీరలు నేయించే షావుకారు ఫోన్‌ను ఊహించుకుంటే నోట్‌బుక్కు అసలు ఉపయోగం తెలుస్తుంది. చీరకో నోట్: డిజైన్ ఫొటో, అంచు రంగు, కొంగు రంగు, బుటా, పడుగు ఇచ్చిన తేదీ, కూలి కింద ముట్టజెప్పిన సొమ్ము. పుస్తకాలు నాలుగే: ఆర్డర్లు, మగ్గం మీద, కొట్లో, అమ్మినవి. చీర మగ్గం దిగగానే ఆ నోట్‌ను నొక్కి పట్టి ‘కొట్లో’ పుస్తకంలోకి జరిపేస్తాడు. చీర ఒక సమయంలో ఒక్కచోటే ఉంటుంది గనుక నోట్‌బుక్కు దానికి అతికినట్టు సరిపోతుంది. గిరాకీ పేరు, రంగు, పెళ్లి చీరా కాదా అన్నవి లేబుళ్లవుతాయి. అదే రంగుకో పుస్తకం పెట్టి ఉంటే, ఆకుపచ్చకు ఎర్రంచు చీర దగ్గరే ఆ పద్ధతి చతికిలబడేది.

చరిత్ర రాసేవారికీ ఇదే కొలత వర్తిస్తుంది. లేపాక్షి మీద వ్యాసం రాస్తుంటే ఆ వ్యాసానికి ఒక నోట్‌బుక్కు తెరవాలి. వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన సంగతి, గుడి కట్టించిన విరూపణ్ణ కథ, పైకప్పు చిత్రాల ఫొటోలు అన్నీ అందులోనే ఉండాలి. వ్యాసం అచ్చయ్యాక ఆ పుస్తకాన్ని ‘అయిపోయినవి’ గ్రూపులోకి తోసెయ్యాలి. అప్పటికప్పుడు గబగబా రాసుకున్నవాటికి ‘కొత్తవి’ అని ఒక పుస్తకం ఉంటే చాలు, వారానికోసారి దాన్ని ఖాళీ చేసుకోవచ్చు.

మెకంజీ కట్టలు

ఊరి పేరుతో సేకరించడం తెలుగునాట కొత్తేమీ కాదు. 1815లో భారతదేశ తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి సహాయకులతో ఊరూరి కైఫియత్తులు, అంటే స్థానిక చరిత్రలు, రాయించాడు. 1821లో అతను చనిపోయాక హెచ్.హెచ్. విల్సన్ ఆ సేకరణకు 1828లో కేటలాగు వేశాడు. చివికిపోతున్న కాగితాలను సి.పి. బ్రౌన్ తిరగరాయించి సంపుటాలుగా కట్టించాడు. ఒక్కో సంపుటంలో ఎన్నో ఊళ్లుండటంతో, కావలసిన ఊరు ఏ సంపుటంలో ఏ పుటలో ఉందో చెప్పే సూచిక లేకుంటే అంతా తిరగెయ్యాల్సిందే. ఇందుకు భిన్నంగా, జర్మన్ సమాజశాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ దాదాపు 90,000 చీటీలను విషయాల వారీగా వేరు చెయ్యకుండా ప్రతి చీటీకీ ఒక నంబరిచ్చి, ఒకదాని నంబరు మరొకదానిపై రాసుకుంటూ పోయాడు. ఒక నోట్ నుంచి మరో నోట్‌కు లింకు పెట్టే ఆబ్సిడియన్ వంటి యాప్‌ల అభిమానులు అతని పేరే ఎక్కువగా చెప్తారు.

పేర్లు, వెతుకులాట

‘పెనుకొండ’ అని కొట్టి వెతికితే ‘పెనుగొండ’ అని రాసిన నోట్ చాలా యాప్‌లలో రాదు. పశ్చిమ గోదావరి వైపు వాసవీ కన్యకాపరమేశ్వరి పెనుగొండ వేరే ఉంది కాబట్టి, అలవాటుగా గకారం రాసేవారి నోట్సులో రెండూళ్లూ కలిసిపోతాయి. లేబుల్‌కు ఒకే వర్ణక్రమం ఖాయం చేసుకోవడమే దీనికి మందు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో టకారపొల్లుకూ వకారానికీ మధ్య కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ఒక కీబోర్డు దాన్ని వేస్తుంది, ఇంకోటి వెయ్యదు. కొన్ని యాప్‌లు ఆ రెండు రాతలనూ వేర్వేరు మాటలుగా చూస్తాయి. పుస్తకాలను అంకెలతో వరసపెట్టేవారు 2 బదులు 02 అని, తేదీలను 2022-04-04 అని రాస్తే 10 వెళ్లి 2 ముందు కూర్చోదు.

యాప్ మారాల్సి వస్తే ఈ అమరికలో ఎంత మిగులుతుందన్నది చివరి లెక్క. ఇటలీ సంస్థ బెండింగ్ స్పూన్స్ చేతికి వెళ్లాక ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలను ఒక నోట్‌బుక్కుకు, 50 నోట్సుకు పరిమితం చేసింది. దాంతో చాలామంది సామాను సర్దుకున్నారు. ఎవర్‌నోట్ ఎగుమతి ఫైలులో ప్రతి నోట్ వెంటా దాని ట్యాగులు ఉంటాయి. నోట్‌బుక్కు పేరు, స్టాక్ పేరు ఉండవు. అందుకే పుస్తకాలను ఒక్కొక్కటిగా ఎగుమతి చేసి, ఫైలుకే పుస్తకం పేరు పెట్టుకోవాలి.