చాక్లెట్ స్టౌటు
ఇంగ్లండు, అమెరికా దేశముల గృహస్థులు ఇంటనే కాచుకొను నల్లని బీరులలో నొకటి. దీని రుచికి కోకోయే మూలమని తలచుట సహజమేకాని, మొలకెత్తించి యెండబెట్టిన బార్లీగింజలను ముదురువన్నె తేలువరకు వేయించగా లభించు ‘చాక్లెట్ మాల్టు’ అనునదియే పలుమారు ఆ రుచి నొసగుచుండును. ఇట్టి వేపుడునకు 1817లో డేనియల్ వీలర్ ఇంగ్లండున పేటెంటు పొందిన తిరుగుడుపీపా యంత్రము మార్గము చూపినది. మొత్తము ధాన్యమున ఈ మాల్టు నూటికి 5 మొదలు 10 పాళ్లు చాలును. మించినచో మాడుచేదు నాలుకను వదలదు. నిజమైన కోకో పరిమళమును కోరువారు, తొలి పులియుట ముగిసిన పిమ్మట, వేయించి నలుగగొట్టిన కోకోపలుకులను 20 లీటర్లకు సుమారు 100 మొదలు 200 గ్రాముల చొప్పున వేసి కొన్నిదినములు ఊరనిత్తురు. ఇది పలువురు అనుసరించు పద్ధతి. చాక్లెట్ బిళ్లలను కరిగించి పోసినచో వానియందలి కొవ్వు నురుగును నిలువనీయదు. ఇంటిబీరునకు లైసెన్సు అక్కర బ్రిటనులో 1963లో తొలగినది. అమెరికాలో 1978నాటి సమాఖ్య శాసనము పన్ను మినహాయించినది.