కువైట్ ఖాదీం, అమెరికా హెచ్‌1బి: తేడా ఎంత?

మా ప్రొద్దుటూరులో కువైట్‌లో ఇంటిపనికి పోయిన అమ్మ ఉన్న ఇల్లు, అమెరికాలో ప్రోగ్రామరు కొడుకు ఉన్న ఇల్లు పక్కపక్కనే ఉంటాయి. జమ్మలమడుగు, పులివెందులలోనూ అంతే. రాయచోటి, రాజంపేట వైపు కువైట్ ఇళ్ళు ఇంకా ఎక్కువ. రెండో ఇంటివాళ్ళు మొదటి ఇంటివాళ్ళని చూసి "పాపం" అంటారు. నేనూ అనేవాణ్ణి.

బయటివాళ్ళు వస్తే లోకల్ వాళ్ళ జీతాలు తగ్గుతాయా అని ఎప్పుడూ ఒక గొడవ నడుస్తుంటుంది కదా. అందరూ ఎంతమంది వచ్చారన్న లెక్కే తీస్తారు. నాకైతే అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుందనిపిస్తుంది. వచ్చినవాడు యజమాని నచ్చకపోతే ఇంకోచోట చేరగలడా, లేడా?

ఇది పాత కథే. 1860 నవంబరులో 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది. చెరకు తోటల్లో అయిదేళ్ళ ఒప్పందం, మధ్యలో యజమానిని మార్చే వీల్లేదు. మగవాళ్ళకి మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు. అయిదేళ్ళయ్యాక కొందరు సొంతంగా కూరగాయలు పండించి, అంగళ్ళు పెట్టుకుని అక్కడే నిలబడ్డారు. అది తెల్లవాళ్ళకి గిట్టలేదు. 1895లో చట్టం తెచ్చారు: మళ్ళీ ఒప్పందం రాయి, లేదా ఇండియాకి పో, రెండూ కాదంటే ఏడాదికి 3 పౌండ్ల పన్ను కట్టు. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, అంటే ఆరు నెలల జీతం! గాంధీ 1913 సత్యాగ్రహం తర్వాత 1914లో గానీ అది పోలేదు. గమనించండి, వాళ్ళకి కూలీ అక్కర్లేక కాదు, స్వేచ్ఛ ఉన్న కూలీ అక్కర్లేదు.

ఇప్పుడు కువైట్‌కి వద్దాం. మనవాళ్ళ భాషలో రెండు వీసాలు: కంపెనీ పనికి షూన్ వీసా (ఆర్టికల్ 18), ఇంటిపనికి ఖాదీం వీసా (ఆర్టికల్ 20). అకామా కఫీల్ చేతిలో ఉంటుంది. చెప్పకుండా బయటికొస్తే 'ఖల్లివెల్లి' అయినట్టే, పరారీ కేసు, పట్టుబడితే ఇంటికి. 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకి 12 గంటలకి మించి పని వద్దు, వారానికో సెలవు, పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు అంది. 2016లో కనీస జీతం 60 దినార్లన్నారు. అన్నీ మంచివే. కానీ అడిగితే అకామా పోతుందనే భయం ఉన్నప్పుడు సెలవు అడిగేదెవరు?

మరి తాడు విప్పితే ఏమవుతుంది? దుబాయ్ ఉన్న యూఏఈలో 2011లో కొంచెం విప్పారు. ఒప్పందం అయిపోయాక పాత యజమాని ఒప్పుకోకపోయినా కొత్త ఉద్యోగంలో చేరొచ్చన్నారు. సురేశ్ నాయుడు అనే ఆర్థికవేత్త ఇంకో ఇద్దరితో కలిసి ఆ జీతాల లెక్కలు తీశాడు. ఒప్పందం ముగిసినవాళ్ళ జీతాలు 10 శాతం పైనే పెరిగాయి. తమాషా ఏంటంటే చాలామంది పాత కంపెనీలోనే ఉండిపోయారు. "పోగలడు" అని తెలిస్తే చాలు, యజమాని జీతం పెంచుతాడు.

ఇక మన సంగతి. 2000 అక్టోబరుకి ముందు హెచ్‌1బి మీద ఉన్నవాడు కంపెనీ మారాలంటే కొత్త పిటిషన్ ఆమోదం వచ్చేదాకా ఆగాలి. ఆ నెల వచ్చిన చట్టంతో పిటిషన్ వేయగానే చేరొచ్చు. కానీ ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజులే గడువు. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ళ తరబడి నిలబడ్డవాడు మేనేజర్‌తో ఎంత గట్టిగా మాట్లాడతాడో మనకి తెలియనిది కాదు. ఖాదీం వీసా ఆమె కష్టం, మన ఏసీ గది కష్టం ఒకటే అనడం లేదు, అంటే పాపం. తాడు పొడవులో చాలా తేడా ఉంది. కానీ ఉన్నది తాడే.

అలా బేరమాడలేనివాణ్ణి పక్కన పెట్టుకుని అక్కడి అమెరికన్ కూడా బేరమాడలేడు. అతని కోపం మన మీద. ఆ కోపం తాడు మీద ఉండాలి.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. అదే యూఏఈ లెక్కల్లో కొత్తవాళ్ళకి గిరాకీ తగ్గింది, వాళ్ళ జీతాలూ తగ్గాయి. తాడు విప్పితే అక్కడున్నవాడు బాగుపడతాడు, పులివెందులలో పాస్‌పోర్టు పట్టుకుని ఏజెంటు చుట్టూ తిరుగుతున్నవాడికి ఆలస్యం అవుతుంది. అయినా విప్పాలనే నేనంటాను. ఎందుకంటే రేపు వెళ్ళేవాడు కూడా ఎల్లుండికి అక్కడున్నవాడే అవుతాడు.