మూలుగ వైద్యంలో తెలుగువాని పాత్ర

రక్తం తక్కువగా ఉందంటే ఐరన్ బిళ్ళలు, ఆకుకూరలు అని సరిపెట్టుకోవడం మన ఉయ్యూరు ఇళ్ళలో ఉన్న అలవాటే. కాని రక్తం తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో. అదే పనిచేయకపోతే బిళ్ళలు చాలవు. ఈ విషయం వైద్యులకు బోధపడిన చరిత్రలో మన తెలుగువాని పేరు కూడా ఉంది.

1888లో జర్మనీలో పాల్ ఎర్లిక్ ఒక యువతి మూలుగ పూర్తిగా ఎండిపోయి ఉండటం గమనించారు. ఈ జబ్బునే తరువాత అప్లాస్టిక్ ఎనీమియా అన్నారు. 1931లో లూసీ విల్స్, బొంబాయిలో గర్భిణులకు వచ్చే మరో రకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని ప్రకటించారు. ఆ సారంలోని గుణం ఫోలిక్ ఆమ్లానిది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే సంస్థలో నడిపించిన బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. సుబ్బారావు గారి సోదరులు స్ప్రూ వ్యాధికి బలయ్యారు. ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధికి కూడా మందయింది.

ఆ బృందమే ఫోలిక్ ఆమ్లానికి విరుగుడు మందులు కూడా తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో లుకేమియా పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగించారు. రెండవది మెథోట్రెక్సేట్. 1950లలో మూలుగ మార్పిడికి దారి వేసి, 1990లో నోబెల్ పొందిన డొన్నాల్ థామస్ బృందం, దాత కణాలు రోగి శరీరంపై దాడి చేయకుండా ఆ మందునే వాడింది. సుబ్బారావు గారు 1948లోనే కన్నుమూశారు. మూలుగ మార్పిడిలో ఆ మందు వాడకాన్ని ఆయన చూడలేదు.

మన దేశంలో 1983లో బొంబాయి టాటా ఆసుపత్రిలోను, 1986లో వెల్లూరు సి.ఎం.సి.లోను ఈ చికిత్స మొదలైంది. బెజవాడలో రైలెక్కి కాట్పాడిలో దిగే మనవారికి వెల్లూరు కొత్త కాదు.

మార్పిడి అంటే ఎముక కోసే ఆపరేషన్ కాదు. దాత మూలకణాలను రక్తంలాగే నరంలోకి ఎక్కిస్తారు. దాత మూలుగ కొన్ని వారాల్లో మళ్ళీ నిండుతుంది. ఒక్కొక్క తోబుట్టువుతో సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. దాత దొరకనివారికి, వయసు మళ్ళినవారికి ఏ.టి.జి., సైక్లోస్పోరిన్ మందులు ఉన్నాయి.

ఒక ముఖ్యమైన మాట. మనవాడికి రక్తం కావాలంటే అన్నదమ్ములే ముందు చేయి చాపుతారు. ప్రేమ మంచిదే. కాని మార్పిడి జరిగే అవకాశం ఉంటే రక్తసంబంధీకుల రక్తం ఎక్కించకూడదు. రోగి శరీరం దానిని గుర్తుపెట్టుకొని, రేపు వారి మూలుగనే తిప్పికొట్టవచ్చు. ఆ రక్తం ఇరుగుపొరుగు ఇవ్వాలి. తోబుట్టువులు హెచ్.ఎల్.ఏ. పరీక్ష చేయించుకోవాలి.

ఖర్చుకు భయపడి ఆలస్యం చేయవద్దు. కోల్ ఇండియా 2017లో థలసీమియా పిల్లల మార్పిడికి రూ.10 లక్షల వరకు సాయం మొదలుపెట్టి, తరువాత అప్లాస్టిక్ ఎనీమియాను కూడా చేర్చింది. ఇలాంటి పథకాల వివరాలు ఆసుపత్రి సోషల్ వర్కరును అడగండి. దరఖాస్తులు నింపడం, సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం మనకు ముప్పై ఏళ్ళుగా వచ్చిన విద్యే. అలాంటి కష్టం వచ్చిన ఇంటికి ఆ సాయం మనం చేయగలం. మన పిల్లలు రక్తం ఇవ్వగలరు.