కంచె వేశాక మిగిలిన మడి

ఇంగ్లండులో ఎవరైనా "అలాట్‌మెంట్‌కి వెళ్తున్నా" అంటే పలుగూ పారా పట్టుకుని కూరగాయల మడికి బయల్దేరారని అర్థం. మనకు ఆ మాట సీటు దగ్గరో, ప్రభుత్వ క్వార్టర్ దగ్గరో వినబడుతుంది. ఇక్కడ మాత్రం అది ఎక్కువగా కౌన్సిల్ ఏడాదికింత అని అద్దెకిచ్చే జాగా. పాత కొలతలో పది రాడ్లు, అంటే దాదాపు 300 గజాలు. సెంట్లలో ఆరుంపావు, గుంటల్లో రెండున్నర. మా మడిలో మెంతికూర, బీట్‌రూట్, బంగాళాదుంప వేశాం.

పంచి ఇచ్చిన వాటా అని ఆ మాటకు అర్థం. ఎవరి నేలను ఎవరు పంచారని అడిగితే ఇక్కడి పల్లెల చరిత్రంతా కదులుతుంది.

ఒకప్పుడు ఈ ఊళ్లలో 'కామన్' అనే బయలుండేది. మన మందబయలు, తెలంగాణలో బంచరాయి వంటిది. నేల జమీందారుదే అయినా ఊరివాళ్లు ఆవును మేపుకునేవారు, వంటచెరకు తెచ్చుకునేవారు. కోతలయ్యాక చేలల్లో పరిగె ఏరుకునేవారు. అదీ హక్కు కాదని 1788లో కోర్టు తేల్చేసింది.

బయళ్లకూ ఉమ్మడి పొలాలకూ కంచె వేసి సొంత ఆస్తిగా మార్చడమే ఎన్‌క్లోజర్. 1604 నుంచి 1914 దాకా 5,200కు పైగా చట్టాలతో 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండులో ఐదో వంతుకు మించిన నేల, ఇలా మారింది. కమిషనర్లు వచ్చి, కొలిచి, వాటాలు వేశారు. ఆ వాటాలనే మొదట అలాట్‌మెంట్ అన్నారు. చట్టం ఒప్పుకున్న హక్కున్నవాడికి వాటా వచ్చింది. తాతల నాటినుంచీ అలవాటుగా ఆవును మేపుకుంటున్న కూలికి చాలాచోట్ల ఏమీ దక్కలేదు. పట్టా లేని రైతు బాధ తెలిసిన మనవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఎదురుతిరిగినవాళ్లూ ఉన్నారు. 1649లో జెరార్డ్ విన్‌స్టన్లీ, అతని తోటివాళ్లు సర్రీలోని సెయింట్ జార్జ్ హిల్ మీద బయలు నేలను తవ్వి, భూమి అందరిదీ అంటూ కూరగాయలు నాటారు. కొద్ది నెలల్లోనే వాళ్లను తరిమేశారు. ఇవాళ ఆ గుట్ట మీద కోటీశ్వరుల బంగళాలున్నాయి. వాటికీ గేట్లే.

తరవాత కూలీల ఆకలి చూసి పేదలకు చిన్న మడులు విడిచిపెట్టడం మొదలైంది. విల్ట్‌షైర్‌లోని గ్రేట్ సోమర్‌ఫర్డ్‌లో 1809 నాటి మడుల్లో నేటికీ సాగు నడుస్తోంది. అడిగినవాళ్లకు నేల చూపే బాధ్యతను 1887, 1908 చట్టాలు స్థానిక సంస్థల మీద పెట్టాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఓడల మీద వచ్చే తిండి తగ్గినప్పుడు ఈ మడులు సుమారు 14 లక్షలకు చేరాయి. ఇప్పుడు మూడు లక్షల చిల్లర. చాలా ఊళ్లలో పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి.

కౌన్సిల్ దయతలచి ఇచ్చిన తోట ఇదంటే నేను ఒప్పుకోను. పోయినదాంట్లో పిసరంత తిరిగొచ్చింది, అంతే. అందుకే ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లకు 1908 చట్టంలోని ఒక సంగతి చెబుతుంటాను. ఓటర్లో, కౌన్సిల్ పన్ను కట్టేవాళ్లో ఆరుగురు కలిసి మడులు కావాలని రాసిస్తే, ఇన్నర్ లండన్‌లో తప్ప, కౌన్సిల్ ఆ అర్జీని పరిశీలించి తీరాలి.